తాత పేరు మన్రోలప్ప: ఒక పట్టా మార్పిడి, ఒక నామకరణం

2025 ఫిబ్రవరి 11న మా తాత మన్రోలప్ప పోయినాడు. తొంభై దాటిన మనిషి. పత్తికొండ దగ్గర మా పల్లెలో ఆయన పేరు మీద నాలుగెకరాల ముప్పై సెంట్ల మెట్ట భూమి ఉంది. అది ఆయన పిల్లల పేర్ల మీదికి మారేసరికి అక్టోబరు వచ్చింది. మధ్యలో జూన్ 26న, పెళ్లయిన తొమ్మిదేళ్లకు, నాకు కొడుకు పుట్టాడు. ఆఫీసుల్లో తాత పేరు కోసం తిరుగుతున్న రోజుల్లోనే ఇంట్లో బిడ్డకు ఏం పేరు పెట్టాలనే చర్చ నడిచింది. ఒకటి లేకుండా రెండోది చెప్పలేను కాబట్టి రెండూ కలిపే రాస్తున్నాను. మీ ఇంట్లో కూడా ఏదో కాలానికి గుర్తుగా పెట్టిన పేర్లు ఉంటే, ఆఫీసుకు పోయే ముందు ఒకసారి చదవండి.

నా పేరు రాకేశ్. కర్నూల్లో ఒక ప్రైవేటు కాలేజీలో లెక్కలు చెప్తాను. నాయన రిటైరయ్యాడు, మోకాళ్ల నొప్పులు. చిన్నాయన ఊర్లోనే సేద్యం చేస్తాడు. అందుకే కాగితాల పని నా మీద పడింది.

మరణ ధ్రువీకరణ పత్రం తొందరగానే వచ్చింది. తాత ఇంట్లోనే పోయినాడు కాబట్టి 21 రోజుల గడువు లోపలే గ్రామ సచివాలయంలో రాయించాం. రెండు వారాల్లో కాగితం ఇచ్చారు. దాంట్లో పేరు ‘మున్రోలప్ప’ అని ఉంది. ఆధార్‌లో ఉన్నట్టే వేశామన్నారు. అప్పుడు దాన్ని పెద్దగా పట్టించుకోవాలని ఎవరికీ తోచలేదు. తాతను ఊరంతా ‘మండ్రోలప్ప’ అనే పిలిచేది.

మార్చి 10న కుటుంబ సభ్యుల ధ్రువీకరణ పత్రానికి అర్జీ పెట్టాను. రుసుము చిన్నదే. అడిగిన కాగితాలు: మరణ పత్రం, వారసులందరి ఆధార్లు, రేషన్ కార్డు, పాసుపుస్తకం. అన్నీ టేబుల్ మీద పక్కపక్కన పెట్టి చూసినప్పుడు విషయం బయటపడింది. పాత పాసుపుస్తకంలో మన్రోలప్ప. ఆధార్‌లో మున్రోలప్ప. 1బీలో, అంటే రెవెన్యూ వాళ్ల భూమి రికార్డులో, మండ్రోలప్ప. రేషన్ కార్డులో ఇంగ్లీషు నుంచి తెలుగులోకి దానంతటదే మారి మునిరాలప్ప. ఇంటి కరెంటు బిల్లులో మనోరప్ప. సచివాలయంలో ఉన్న అమ్మాయి మర్యాదగానే చెప్పింది. “అన్నా, కంప్యూటరుకు వీళ్లంతా వేరే వేరే మనుషులు. పైకి పంపిస్తే వెనక్కి వస్తుంది. వీఆర్వో సార్‌తో మాట్లాడి విచారణకు రమ్మనండి.”

విచారణకు మూడు వారాలు పైనే పట్టింది. ఏప్రిల్ మొదటి వారంలో ఒక సాయంత్రం వీఆర్వో మా ఊరికి వచ్చాడు. ముప్పై ఏళ్లు కూడా ఉండవు. రచ్చకట్ట మీద కూర్చున్నాడు. నాయన, చిన్నాయన, ఇద్దరు అత్తలు, చుట్టూ ఊరి పెద్దలు. నాకు ఈ మొత్తం వ్యవహారంలో మళ్లీ మళ్లీ గుర్తొచ్చేది ఆ సాయంత్రమే. అందుకే కొంచెం వివరంగా రాస్తాను.

వీఆర్వో అర్జీలో వారసుల పేర్లు చదివాడు. స్వరాజ్యలక్ష్మి, ప్రకాశం, సంజీవయ్య, ఇందిర. చదివి తలెత్తి మా పెద్దత్తను అడిగాడు. “నీ పేరు స్వరాజ్యలక్ష్మా అమ్మా? ఆధార్‌లో లక్ష్మీదేవి అని ఉందే? పైగా పుట్టిన తేదీ 1956 జనవరి 1 అని ఉంది. నీ తమ్ముడు ప్రకాశానికి 1953. అర్జీలో నువ్వు పెద్దదానివని రాసినారు.”

పెద్దత్తను పదిహేనేళ్లకే ఆదోని వైపు ఇచ్చారు. అత్తగారింట్లో అంత పొడుగు పేరు ఎవరికీ నోరు తిరగక లక్ష్మీ అన్నారు, అదే కార్డులకెక్కింది. పుట్టిన తేదీ చెప్పలేని వాళ్లందరికీ జనవరి 1 వేసినట్టు ఆమెకూ వేశారు. ఆమె లేచి నిలబడి చెప్పింది. “నేను పుట్టినప్పుడు ఊర్లో జెండా ఎగరేసినారు సామీ. మా నాయన మూడు రంగుల జెండా చూసొచ్చి, మా యమ్మ నన్ను కని పండుకోనుంటే, బిడ్డ స్వరాజ్యం తెచ్చిందని పేరు పెట్టినాడంట. యా సంవత్సరమో నువ్వే రాసుకో.”

1947 ఆగస్టు. ఆమెకు బడి లేదు, టీసీ లేదు, పుట్టిన రోజు ఎక్కడా రాసి లేదు. పేరొక్కటే ఉంది.

తర్వాత నాయన వంతు. 1953 అక్టోబరు 1న కర్నూలు రాజధానిగా ఆంధ్ర రాష్ట్రం ఏర్పడింది. నెహ్రూ వచ్చి ప్రారంభించాడు. టంగుటూరి ప్రకాశం పంతులు ముఖ్యమంత్రి అయ్యాడు. ఊర్లో వాళ్లు కొందరు జట్టుగా కర్నూలుకు పోతే తాత కూడా పోయినాడు. ఆఫీసులకు కట్టడాలు చాలక గుడారాలు వేశారు కదా, ఆ గుడారాల ముచ్చట తాత చాలాసార్లు చెప్పేవాడు. తిరిగొచ్చేసరికి కొడుకు పుట్టి ఉన్నాడు. మరో ఆలోచన లేకుండా ప్రకాశం అన్నాడు. నాయనను బడిలో వేసినప్పుడు అయ్యవారు పుట్టినరోజు అడిగితే “కర్నూలు రాజధాని అయిన దినం” అని చెప్పాడట తాత. అయ్యవారు తేదీ రాసుకున్నాడు. మా ఇంట్లో ఆ తరంలో సరైన పుట్టినతేదీ ఉన్నది నాయనకొక్కడికే. అది ఆ పేరు వల్ల వచ్చిందే.

చిన్నాయన 1960లో పుట్టాడు. ఆ జనవరి 11న దామోదరం సంజీవయ్య ముఖ్యమంత్రి అయ్యాడు. కర్నూలు పక్కన పెదపాడు ఆయనది. దేశంలోనే మొదటి దళిత ముఖ్యమంత్రి, అప్పటికి నలభై ఏళ్లు కూడా లేవు. “మన పక్కూరోడు రాజ్యమేలతాండాడు” అని తాత ఆ పేరు పెట్టాడు. ముసలివాళ్లకు పింఛను మొదలైంది కూడా సంజీవయ్య కాలంలోనే. చివరి రోజుల్లో పింఛను తీసుకున్న ప్రతి నెలా తాత చిన్నాయన వైపు చూసి “నీ పేరోడిచ్చిన దుడ్డు రా” అనేవాడు. చిన్నత్త ఇందిర 1966లో పుట్టింది. ఎందుకా పేరు అని వీఆర్వో అడగనే లేదు.

అందరివీ విని వీఆర్వో ఒక్క ప్రశ్న వేశాడు. “మరి తాత పేరు? మన్రో అంటే థామస్ మన్రోనా? నేను గ్రూప్స్‌కు చదివేటప్పుడు రైత్వారీ పాఠంలో చదివినా. ఆయన పేరు పెట్టుకున్న ఇంటికి వస్తాననుకోలేదు.”

ఆయనే. 1800లో నిజాం ఈ సీమను ఈస్టిండియా కంపెనీకి వదిలేసినప్పుడు మొదటి ప్రధాన కలెక్టరుగా వచ్చి 1807 దాకా ఉన్నాడు. ఊరూరా గుడారం వేసుకుని తిరిగాడు, భూములు కొలిపించాడు, మధ్యలో జమీందారు లేకుండా రైతు పేరు మీదే పట్టా రాయించాడు. తర్వాత మద్రాసు గవర్నరయ్యాడు. సీమకు వీడ్కోలు చెప్పడానికి వచ్చి 1827 జూలై 6న మా పత్తికొండలోనే కలరాతో చనిపోయాడు. గుత్తి కోట కింద పాతిపెట్టారు, నాలుగేళ్ల తర్వాత అస్థికలు మద్రాసుకు తీసుకుపోయారు. పత్తికొండలో ఆయన జ్ఞాపకంగా బావి తవ్వించి తోపు పెట్టించారు. సీమలో చాలా ఊర్లలో మగపిల్లలకు మన్రోలప్ప అని పేరు పెట్టుకున్నారు. మా ఇంట్లో అది తాత నుంచి మనవడికి, మళ్లీ ఆ మనవడి మనవడికి, ఒక తరం వదిలి ఒక తరానికి వస్తూ ఉంది. మొదట ఎవరు పెట్టారో తెలీదు కానీ, మా వంశంలో ఒకాయన దొర గుడారం దగ్గరికి పోయి తన చేతికి పట్టా తెచ్చుకున్నాడని ఇంట్లో చెప్పుకుంటారు.

ఆ సాయంత్రం చీకటి పడేదాకా వీఆర్వో కదల్లేదు. పంచనామా రాశాడు. సాక్షులుగా ఊరి పెద్దలిద్దరు సంతకం పెట్టారు. ఒకాయన పేరు గాంధీ, ఒకాయన మద్దిలేటి. మా వైపు పేర్ల సంగతి ఆ రెండింటిలోనే ఉంది. ఎక్కువమంది దేవుడి పేర్లే పెట్టుకుంటారు. మద్దిలేటి, రాఘవేంద్ర, సుంకన్న. హిందువుల ఇళ్లల్లోనే దస్తగిరి, మస్తాన్ కూడా ఉంటారు. దేవుడి పేరు ఎప్పుడైనా పెట్టుకోవచ్చు. గాంధీ, స్వరాజ్యం, ప్రకాశం లాంటివి మాత్రం వచ్చిన ఏడాదీ రెండేళ్లే వస్తాయి. అందుకే ఊర్లో గాంధీకి ఎన్నేళ్లుంటాయో ఎవరినీ అడగక్కర్లేదు.

వీఆర్వో మంచివాడైనా కాగితం కాగితమే. మాటతో కుదరదు, రుజువు కావాలన్నాడు. ఈ పేర్లన్నీ ఒకే మనిషివని నోటరీ అఫిడవిట్, పేపర్లో ప్రకటన, వీలైతే పాత రికార్డు ఏదైనా. అఫిడవిట్‌కు స్టాంపు కాగితంతో కలిపి 500 రూపాయలైంది. ప్రకటనకు, జిల్లా ఎడిషన్లో చిన్న డబ్బాకు, 1,800 తీసుకున్నారు. ఆ ప్రకటన వచ్చిన పేపరు కాపీలు నాలుగైదు తీసిపెట్టుకోండి, ప్రతి చోటా ఒరిజినల్ అడిగారు. పాత రికార్డు కోసం తాత ట్రంకు పెట్టె తెరిచాం. అడుగున, గుడ్డలో చుట్టి, శిస్తు రశీదులు దొరికాయి. 1962 నాటిది ఒకటి. కరణం చేతిరాత, గుండ్రంగా, ‘మన్రోలప్ప’. పెట్టె దగ్గర కూర్చున్న నాయన ఆ రశీదు పట్టుకుని ఏడ్చాడు. తాత పోయిన రోజు కూడా నాయన కంట నీళ్లు రాలేదు.

పని జరిపించింది ఆ రశీదే. అఫిడవిట్ ఇవాళ రాసింది, ఎవరైనా రాయించుకోవచ్చు. అరవై ఏళ్ల నాటి రశీదును ఎవరూ కాదనలేదు. మీ ఇంట్లో పాత శిస్తు రశీదులు, సొసైటీ అప్పు పుస్తకాలు, పెళ్లి పత్రికలు ఉంటే చెదలకు వదలొద్దు.

అయినా ఒకసారి ఫైలు మండల స్థాయి నుంచి వెనక్కి వచ్చింది. ఈసారి అడ్డం తాత పేరు కాదు, అత్త పేరు. స్వరాజ్యలక్ష్మి, లక్ష్మీదేవి ఒకరే అని వేరే అఫిడవిట్ కావాలన్నారు. ఇంకో 500. అప్పుడు నేను అత్తకు “ఆధార్‌లో ఉన్నట్టే లక్ష్మీదేవి అని అర్జీలో మార్చేద్దాం, తొందరగా అయిపోతుంది” అన్నాను. ఆమె ఒప్పుకోలేదు. “మా నాయన భూమి మా నాయన పెట్టిన పేరు మీదనే రావల్ల. లేకుంటే నా భాగం నాకొద్దు” అంది. డెబ్బై ఏడేళ్ల మనిషి, ఎండలో ఆదోని నుంచి బస్సులో వచ్చి ఆధార్ కేంద్రంలో పేరు సరిచేయించుకుంది. పత్తి తీసీ తీసీ అరిగిపోయిన వేళ్లు మిషన్ మీద పడలేదు, కంటిపాప స్కానుతో చేశారు. మీ ఇంట్లో ముసలివాళ్లకు వేలిముద్ర పడకపోతే కంటి స్కాన్ అడగండి. మేం అడిగేదాకా వాళ్లంతట వాళ్లు చెప్పలేదు. సరిచేసిన కార్డు రావడానికి పదిహేను రోజులు పట్టింది. కుటుంబ సభ్యుల పత్రం మే నెలాఖరుకు చేతికొచ్చింది. నలుగురి పేర్లూ వరుసగా, పెద్దత్తే పెద్దదిగా.

మే నెలలో దేశమంతా ఆపరేషన్ సిందూర్ మాటే. ఉత్తరప్రదేశ్‌లో కుశీనగర్‌లో అప్పుడే పుట్టిన ఆడపిల్లలకు పదిహేడు మందికి సిందూర్ అని పేరు పెట్టారని వార్త వచ్చింది. నా భార్యకు ఎనిమిదో నెల. ఆడపిల్ల అయితే సిందూర అందామని మా మేనబావ ఫోన్ చేశాడు. 2020 ఏప్రిల్లో కడప జిల్లా వేంపల్లిలో పుట్టిన పిల్లలిద్దరికి కరోనా అని కలిపి పేరు పెట్టారని చదివినప్పుడు నాకు మనసంతా కలతగా ఉండింది. ఆ కష్టాన్ని పిల్లలు జీవితాంతం పలకాలా అనిపించింది. ఆ తల్లిదండ్రులు భయంలో పుట్టిన బిడ్డలు బతికి బట్టకట్టారన్న సంతోషంతో పెట్టి ఉంటారు, కాదనను. కానీ పేరు పెట్టేది మనం, మోసేది బిడ్డ. యుద్ధం పేరు, రోగం పేరు నా బిడ్డకు వద్దని అప్పుడే అనుకున్నాను.

జూన్ 25న శుభాంశు శుక్లా ఆకాశంలోకి పోయినాడు. అంతర్జాతీయ అంతరిక్ష కేంద్రానికి పోయిన మొదటి భారతీయుడు. ఆ రాత్రే నా భార్యకు నొప్పులు మొదలై ఆసుపత్రిలో చేర్చాం. 26న, ఆయన నౌక కేంద్రానికి అతుక్కున్న రోజు, బాబు పుట్టాడు. వార్డు బయట టీవీలో అదే చూపిస్తూ ఉన్నారు. నా వంతు గుర్తొచ్చింది. 1984 ఏప్రిల్ 3న రాకేశ్ శర్మ సోవియట్ నౌకలో పోయినప్పుడు నేను వారం రోజుల పసిగుడ్డును. నాయన రేడియోలో విని రాకేశ్ అన్నాడు. నలభై ఒక్క సంవత్సరాల తర్వాత మళ్లీ మన మనిషి ఒకడు పైకి పోయినప్పుడు నాకు కొడుకు. నేను అక్కడే నిలబడి నాయనకు ఫోన్ చేసి “శుభాంశు అని పెడదాం నాయనా” అన్నాను. గొంతు పెగల్లేదు.

నాయన కాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత అన్నాడు, “తాత పోయి ఐదు నెల్లు కాలేదు రా. పోయినాయన మళ్లీ వచ్చినాడని ఊరంతా అంటాండారు. ఆ పేరు వదిలిపెడితే ఎట్ల?”

మా వైపు పెద్దలు పోయిన ఏడాదిలోపు మగబిడ్డ పుడితే ఆ పేరే పెట్టడం ఆనవాయితీ. ఒక తరం వదిలి వచ్చే లెక్కలో అది నాకు రావాల్సిన పేరు. తాత బతికుండగా ఆయన పేరు పెట్టి పిలవలేమని నాకు పెట్టలేదు. ఇప్పుడు నా కొడుకు దాకా వచ్చింది.

మా అత్తగారిది కోయిలకుంట్ల వైపు. ఉయ్యాలవాడ నరసింహారెడ్డిని 1847 ఫిబ్రవరి 22న ఉరితీసిన ఊరు. ఆ తట్టు నరసింహారెడ్డి పేరు లేని వీధి ఉండదు. మా మామ గట్టిగానే అన్నాడు. “మేం తెల్లోళ్లు ఉరేసిన మనిషి పేరు పెట్టుకుంటాం. మీరు తెల్లదొర పేరు పెట్టుకుంటారా? పాలెగాళ్లను అణిచినోడే కదా మన్రో.” ఆ మాటలో తప్పు లేదు. మన్రో పాలెగాళ్ల కోటలు పడగొట్టి, వాళ్లను పింఛన్ల మీద కూర్చోబెట్టిన మాట నిజం. కంపెనీకి శిస్తు బాగా రాబట్టాడన్నదీ నిజం. ఆ శిస్తు ఎక్కువైందని తనే ఒప్పుకుని, పోయేటప్పుడు నాలుగో వంతు తగ్గించమని రాశాడు. అప్పుడు పైవాళ్లు వినలేదు. 1820లో తను గవర్నరయ్యాక తగ్గించాడు. పల్లెలో రైతుకు గుర్తుండేది ఇదే. పెద్ద చరిత్రలో ఆయన కంపెనీ మనిషి. మా ఇంటి చరిత్రలో మా చేనును మా పేరున రాసిన మనిషి. రెండూ నిజమే అని మామకు చెప్పాను. ఒప్పించలేకపోయాను. ఈ నేలకు దత్త మండలాలు, అంటే నిజాం కంపెనీకి వదిలేసిన జిల్లాలన్న పేరును కాదని 1928లో నంద్యాల సభలో రాయలసీమ అని పెట్టుకున్నారు కదా, కంపెనీ కాలం పేర్లు మనమే తీసేసుకున్నాం కదా, అని ఆయన అడిగితే నా దగ్గర జవాబు లేదు.

ఇంట్లో పది రోజులు ఇదే నడిచింది. ఆసుపత్రిలో జనన నమోదు పత్రంలో పేరు గడి ఖాళీగా వదిలేశాం. అది చాలామందికి తెలియదు: పేరు తేలకపోతే తొందరపడి ఏదో ఒకటి రాయొద్దు. పేరు లేకుండానే జననం నమోదవుతుంది, ఏడాది లోపల రుసుము లేకుండా పేరు చేర్పించుకోవచ్చు, ఆ తర్వాతైతే ఆలస్య రుసుము కట్టాలి. 2023 అక్టోబరు 1 నుంచి పుట్టిన పిల్లలకు బడికైనా ఆధార్‌కైనా పుట్టిన తేదీ రుజువు జనన పత్రమే. అప్పటి ఆధార్‌లో మాదిరి జనవరి 1 వేసి సరిపెట్టుకోవడం ఇక లేదు.

చివరికి తేల్చింది నా భార్య. అంతవరకూ ఆమెను ఎవరూ నేరుగా అడగలేదు. తొమ్మిదేళ్లు పిల్లల్లేరని అన్నవాళ్ల మధ్య ఆమె పడిన బాధ నాకు తెలుసు. ఊరికి పోయిన ప్రతిసారీ తాత ఒక్కడే ఆ మాట ఎత్తకుండా, ఆమెను పక్కన కూర్చోబెట్టుకుని చేను సంగతులు చెప్పేవాడు. చివరి రెండు నెలలు మంచం మీద ఉన్నప్పుడు ఆమె చేతి ముద్దే తిన్నాడు. ఆమె వాళ్ల నాయన ముందరే అంది. “శుభాంశును టీవీలో చూసినా. ఉయ్యాలవాడ ఆయన్ను కథల్లో విన్నా. తాతకు నేను కూడు పెట్టినా. నా బిడ్డకు ఆయన పేరే.” మామ తర్వాత ఏమీ అనలేదు.

జూలై 16న, ఇరవై ఒకటో రోజు, కర్నూల్లో మా ఇంట్లో నామకరణం చేశాం. ముందురోజే శుభాంశు క్షేమంగా భూమికి దిగాడు. పళ్లెంలో బియ్యం పోసి ఉంగరంతో పేరు రాయించాడు అయ్యవారు. నేను ‘మ’ పక్కన ‘న్రో’ రాసేటప్పుడు నాయన దగ్గరికి వంగి చూశాడు. చెవిలో పేరు చెప్పాల్సింది మేనత్త. నాకు అక్కచెల్లెళ్లు లేరు కాబట్టి పెద్దత్తనే కూర్చోబెట్టాం. స్వరాజ్యలక్ష్మి నా కొడుకు చెవిలో మన్రోలప్పా అని మూడుసార్లు పిలిచింది. ఖర్చు భోజనాలతో కలిపి 22,000 దాకా అయింది.

పేరు చేర్పించే పని నామకరణం అయిన వారానికి మొదలుపెట్టాను. అర్జీ, తల్లిదండ్రుల ఆధార్లు, ఆసుపత్రి ఇచ్చిన నమోదు నంబరు. కౌంటరులో అబ్బాయి ఇంగ్లీషులో టైపు చేశాడు, తెలుగు దానంతటదే పడింది: మున్రోలప్ప. ఆపమన్నాను. తాత శిస్తు రశీదు నకలు నా సంచిలోనే ఉంది, అది చూపించి ఇలాగే కావాలన్నాను. తెలుగు గడిలో చేత్తో దిద్దవచ్చని ఆ అబ్బాయికీ అప్పుడే తెలిసింది. దిద్ది, ఒకటికి రెండుసార్లు నాతో చదివించి, తర్వాతే పంపాడు. మీరు కూడా పంపించకముందే తెర తిప్పమని అడిగి రెండు భాషల్లోనూ చదవండి. ఒకసారి పైకి పోయాక దిద్దించాలంటే మళ్లీ మొదటి నుంచి అఫిడవిట్లు. పత్రం ఆగస్టు రెండో వారంలో వచ్చింది. పక్క వరుసలో ఉన్న ఒకామె నా కాగితం చూసి ఇదేం పేరు నాయనా అని అడిగింది. చెప్తే, తమ ఊర్లోనూ ఒక మండ్రోలయ్య ఉండేవాడని, ఎందుకా పేరో ఇన్నాళ్లూ తెలీదని అంది.

భూమి పని దాని దారిన అది నడిచింది. వారసులు నలుగురు కాబట్టి ఊరికే పేర్లు మార్చరు, ముందు భాగ పరిష్కారం, అంటే భూమి పంచుకున్న దస్తావేజు, రిజిస్టరు చేసుకోవాలన్నారు. దస్తావేజు రాసినాయనకు 3,000 ఇచ్చాం. ఆగస్టు నెలాఖరులో నలుగురూ రిజిస్ట్రారు ఆఫీసులో ఒకే బెంచీ మీద కూర్చున్నారు. అక్కడా అత్త వేలిముద్ర పడలేదు, పొద్దున పోతే సాయంత్రమైంది. ఆ తర్వాత నోటీసు, అభ్యంతరాల గడువు, మళ్లీ వీఆర్వో సంతకం. మధ్యలో ఒక నెల ఏ కబురూ లేదు, సర్వే పనుల్లో ఉన్నామన్నారు. అక్టోబరు మూడో వారంలో 1బీ తీసి చూస్తే నలుగురి పేర్లూ ఎక్కాయి. తండ్రి పేరు గడిలో నాలుగు చోట్లా మన్రోలప్ప, ఒకే రాతలో. అఫిడవిట్లు, ప్రకటన, దస్తావేజు, బస్సులు, జిరాక్సులు, స్టాంపు రుసుములు అన్నీ కలిపి పదివేలు దాటింది. ఎవరికీ లంచం ఇవ్వలేదు, ఎవరూ అడగలేదు కూడా. ఇది రాయకపోతే ఆ వీఆర్వోకు అన్యాయం చేసినట్టవుతుంది.

పాసుపుస్తకాలు ఇంకా రావాల్సి ఉంది. ఇంటి కరెంటు సర్వీసు ఇప్పటికీ మనోరప్ప పేరు మీదే ఉంది. కంది కోతలయ్యాక చిన్నాయన పేరుకు మార్పించాలి. దానికి వారసుల అంగీకార పత్రం చాలన్నారు, 1962 రశీదు మాత్రం వెంట తీసుకుపోతాను. బాబుకు చిన్నపిల్లల ఆధార్ నవంబరులో చేయించాం. ఐదేళ్ల లోపు వాళ్లకు వేలిముద్రలు అక్కర్లేదు, జనన పత్రం, తల్లో తండ్రో ఒకరి ఆధార్, బాబు ఫోటో చాలు. పేరు దానంతటదే పడేటప్పుడు అక్కడా మున్రోలప్ప అనే వచ్చింది. దిద్దించి, చదివి, సంతకం పెట్టి వచ్చాను.